చేతిఫోనులో వామనగుంటలు
(మన సంఘ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను కొట్టు నడపుకొను వాడను. మెట్రిక్కు వరకే చదివినవాడను. పాండిత్యము జోలికి పోక, మన యిండ్లలో చూచుచున్న సంగతినే మనవి చేసెదను.

నాయకరాజుల కాలము నుండి మధురలోను, కోయంబత్తూరు ప్రాంతములోను వేరూనిన కుటుంబములు మనవి. వీథిలో తమిళము, ఇంటిలో తెలుగు. మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు నోట నున్నది గాని కంట లేదు, అక్షరములు రావు. ఆ నోటి తెలుగైనను నిలిచినది బడిలో కాదు, వంటింటిలోను ఆటల యొద్దను. వామనగుంటల పలకకు ఈ వైపు ఏడు, ఆ వైపు ఏడు, వెరసి 14 గుంటలు. చింతగింజలు పంచుచు అమ్మమ్మ పెట్టిన లెక్కయే మనకు మొదటి గణితము. పొరుగువారు దీనినే పల్లాంగుళి యందురు. ఆట యొకటే, లెక్కపెట్టు నోరు వేరు. నాలుగు గవ్వలును ఒకే తీరుగా పడినపుడు పలుకు చమ్మ, అష్ట అను మాటలను ఏ వాచకము నేర్పును?

నేడీ ఆటలు చేతిఫోనులోనికి వచ్చినవి. మన పచ్చీసునే మార్చి ఇంగ్లాండులో 1896లో లూడో యని పేటెంటు పొందిరి. అదియే 2016లో లూడో కింగ్ అను పేర, మన దేశపు సంస్థ చేతనే, ఫోనులో వెలసినది. 2020లో కరోనా వలన ఇల్లు కదలరాని దినములలో దాని వ్యాప్తి మిక్కుటమయ్యెను. అంతకు పూర్వమే కలకత్తా అగర్వాలా సోదరులు స్క్రాబులస్ అను మాటల కూర్పు ఆటను ఫేస్‌బుక్కులో పెట్టిరి. స్క్రాబుల్ హక్కుదారులు దావా వేయగా 2008లో అమెరికా, కెనడాలలో దానిని నిలుపవలసి వచ్చెను. వామనగుంటలకు హక్కుదారులు మనమే గదా; దావా వేయువారు మాత్రము లేరు!

ఫోనాటలన్నియు చెడ్డవని నేననను. డబ్బు పందెపు ఆటల సంగతి వేరు; వానిని నిషేధించుచు పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టమే చేసినది. నా చింత మరియొకటి. ఫోను తానే పాచిక వేయును, తానే గింజలు పంచును, తానే లెక్కించును. పిల్లవానికి నోరు విప్పు పని లేదు. వైకుంఠపాళిలో పాములకును నిచ్చెనలకును పేర్లుండును. ఫోనులో చాలవరకు పాము ఒట్టి పామే. వర్తకుని మాటలో చెప్పవలెనన్న, సంచి వచ్చినది, సరకు రాలేదు.

అయితే వానిలో కొన్నిటియందు ఆడుచునే మాటలాడు వసతి గలదు. లేనిచో వాట్సాపు పిలుపును ప్రక్కన నుంచుకొనవచ్చును. మనవంటి వారికిది గొప్ప మేలు. లిపి రాని పిల్లవాడు తెలుగులో జాబు వ్రాయలేడు గాని, "అత్తా, నీ కాయను చంపినాను!" అని మధురలోని మేనత్తతో కేక వేయగలడు. పెండ్లియై బెంగుళూరుకో అమెరికాకో పోయిన ఆడపడుచులును కలియవచ్చును.

కావున ప్రతి శనివారము రాత్రి ఒక గంట ఇట్లాడుదమని నా సూచన. లెక్క తెలుగులోనే చెప్పవలెను; తప్పినవారు ఒక ఆట ఊరకుండవలెను. వచ్చు వైకుంఠ ఏకాదశి జాగరణకు మాత్రము అసలు పటమునే పరచుకొందము. పాత పటములు, వామనగుంటల పలకలు ఎవరి యటకమీద నున్నవో కార్యదర్శిగారికి తెలుపగోరెదను. పేర్లు చదువలేని పిల్లలకు చదివి వినిపించుటకై ప్రతి పటము వద్దను పెద్దవారొకరు కూర్చుండవలసి యుండును. అందులకు సమ్మతించువారు నేడే తమ పేరిచ్చిన మంచిది.