లంక పొగాకు చుట్ట: జమ ఎంత, ఖర్చు ఎంత?

(ఢిల్లీలో జరిగిన మన సిబ్బంది తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతపు చేతిపనుల్లో ఒకదాని గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. కొండపల్లి బొమ్మనో, ఉప్పాడ చీరనో ఎంచుకుంటానని అనుకుని ఉంటారు. నేను చుట్టను ఎంచుకున్నాను. పిల్లలున్న సభలో చుట్ట గురించా అని వెనక వరసలో నవ్వులు వినిపిస్తున్నాయి. అందుకే ముందే చెబుతున్నాను, ఇది చుట్ట తాగమని చెప్పే ప్రసంగం కాదు.

ఇక్కడ ఢిల్లీ, గురుగ్రామ్ పెద్ద హోటళ్లలో క్యూబా సిగార్లను తేమ ఆరిపోకుండా చెక్కపెట్టెల్లో పెట్టి అమ్ముతారు. ఒక్కోటి వేల రూపాయలు పలుకుతుంది. చేత్తో చుట్టింది, తరతరాల పనితనం అన్నవే దాని గొప్పలు. ఆ రెండు మాటలూ మన గోదావరి చుట్టకూ సరిపోతాయి. కాకపోతే మనది కూలి చేసుకునే మనిషికి కూడా అందే సిగారు.

గోదావరి మధ్యలో మేటవేసిన దీవులను లంకలంటాం. వరద వచ్చినప్పుడల్లా నది అక్కడ కొత్త ఒండ్రు పరిచి పోతుంది. వరద తీశాక ఆ నేలలో పొగాకు నాటుతారు. కోసిన ఆకును తోరణాలుగా గుచ్చి, పందిళ్ల కింద ఆరబెట్టి, తరువాత కుప్పలు వేసి మాగబెడతారు. సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకును బ్యారన్లలో వేడిగాలితో ఆరబెడతారు. లంక పొగాకుకు ఆ పద్ధతి లేదు. మాగిన ఆకును కాస్త తడిపి, ఈనె తీసి, ముక్కలను పైఆకులో పెట్టి వేళ్లతో చుడతారు. బిగువెక్కువైతే పొగ రాదు, తక్కువైతే గబగబా కాలిపోతుంది. ఆ బిగువు తెలిసేది చేతికే.

ఈ చుట్ట పేరు ఎంత దూరం పోయిందో పిల్లలకు చెప్పాలి. 1886లో వెలువడిన ఆంగ్లో-ఇండియన్ పదకోశం 'హాబ్సన్-జాబ్సన్'లో 'లుంకా' అనే మాట ఉంది. గోదావరి డెల్టా దీవుల పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట అని దానికి అర్థం. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ ఈ చుట్టను ప్రస్తావిస్తాడు. హంతకుడు తాగింది ఇండియా లుంకా అని తేలితే వెతకాల్సిన మనుషుల సంఖ్య తగ్గిపోతుందంటాడు. మన లంక లండన్ డిటెక్టివ్‌కు ఆనవాలైంది!

చర్చిల్ తాగింది లంక చుట్టలేనని గోదావరి జిల్లాల్లో గట్టిగా చెప్పుకుంటారు. ఆయన 1896లో సైనికాధికారిగా బెంగళూరుకు వచ్చిన మాట నిజమే. అయితే అంతకు ముందే, 1895లో క్యూబా వెళ్లారు. జీవితమంతా ఆయన ఇష్టపడ్డవి క్యూబా సిగార్లే. మన చుట్ట గొప్పతనానికి చర్చిల్ సాక్ష్యం అక్కర్లేదు, హోమ్స్ చాలు.

ఇదంతా జమ వైపు లెక్క. ఇక ఖర్చు వైపు చూద్దాం.

'సిగరెట్ కాదు కదా, స్వచ్ఛమైన ఆకు, పైగా పొగ లోపలికి పీల్చం' అనే మాట హోటల్ సిగారు దగ్గరా వింటాం, ఊరి అరుగు మీదా వింటాం. సిగారు పొగలోని నికొటిన్ నోటి పొరల గుండానే రక్తంలోకి పోతుంది. పెద్ద సిగారు ఒక్కదానిలో ఒక సిగరెట్ పెట్టె అంత పొగాకు ఉండవచ్చు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు చేత్తో చుట్టినంత మాత్రాన తగ్గదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో కొందరు స్త్రీలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని 'అడ్డపొగ' తాగుతారు. అక్కడి అంగుడి క్యాన్సర్‌కు ఈ అలవాటే పెద్ద కారణమని వైద్యులు ఎప్పుడో తేల్చారు.

మరి మన బ్యాంకు పని ఇందులో ఎక్కడ వస్తుంది? కొన్నేళ్ల కిందట గోదావరి జిల్లాలో ఒక శాఖలో పనిచేస్తున్నప్పుడు, యాభై దాటిన ఒక చుట్టల పనివారు పీఎంఈజీపీ రుణం కోసం వచ్చారు. ఆ పథకంలో రుణం ఇవ్వకూడని వ్యాపారాల జాబితా ఒకటి ఉంది. బీడీ, సిగారు, సిగరెట్ తయారీ అందులో ఉన్నాయి. ఆ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని అన్నారు: "బొమ్మలు చేసేవాడికి ఇస్తారు, బుట్టలు అల్లేవాడికి ఇస్తారు. నాదీ చేతిపనే కదండీ, మేనేజరు గారూ!"

నియమం సరైనదే. జబ్బు తెచ్చే సరుకుకు ప్రజల డబ్బుతో సబ్సిడీ ఇవ్వకూడదు. ఆయన మాటా సరైనదే. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలోనూ చుట్టల పని లేదు. ఉండాలని నేను అనను. కానీ పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని మన దేశం 2004లో ఆమోదించింది. దాని 17వ అధికరణం పొగాకు రైతులకు, పనివారికి గిట్టుబాటయ్యే మరో బతుకుదెరువు చూపడానికి తోడ్పడాలంటోంది. సరుకును కాదన్నప్పుడు మనిషిని కాదనకూడదని నాకు అర్థమైన సారం.

ఆయన రెండో ప్రశ్న అదే వేశారు: "అయితే దేనికిస్తారో చెప్పండి." మేము కూర్చుని మాట్లాడుకున్నాం. రాజమహేంద్రవరం పక్కన కడియపులంక ఉంది. అదే గోదావరి ఒండ్రు. అక్కడ నర్సరీలు పెంచిన మొక్కలు లారీల్లో ఉత్తరాది దాకా వస్తాయి. అంటు కట్టడానికి కావాల్సింది కూడా వేళ్ల నేర్పు, బిగువు తెలిసిన చెయ్యి. ఆయన కోడలు ఆ పని నేర్చుకుంది. చిన్న రుణంతో అర ఎకరం కౌలుకు తీసుకున్నారు. వాయిదాలు తప్పలేదు. పెద్దాయన చుట్టలు చుట్టడం మానలేదు. నేను మానమనీ అడగలేదు, ఆ వయసులో అది ఆయన కూడు. కానీ ఆ ఇంట్లో మూడో తరం చుట్టల పీట దగ్గర కూర్చోలేదు.

మేనేజ్‌మెంట్ చదువులో బ్రాండు విలువ ఎలా కట్టాలో నేర్పారు. ఆ బ్రాండును మోసే చేతి విలువ కట్టడం మాత్రం శాఖలోనే నేర్చుకున్నాను. ఇక్కడున్న అధికారులను ఒకటే కోరుతున్నాను. నియమం అడ్డొచ్చి దరఖాస్తు తిప్పి పంపేటప్పుడు, ఆ మనిషి చేతికి ఇంకేం వచ్చో ఒక్క ప్రశ్న అడగండి. ఇళ్లలో ఉన్నవారికి ఇంకో మాట. తాతగారి చుట్ట కథలు పిల్లలకు చెప్పండి, హోమ్స్ సంగతీ చెప్పండి. దాంతోపాటు తాతగారి దగ్గు సంగతి కూడా దాచకుండా చెప్పండి.