నవలలలోని జంటలు

నాయికానాయకులు ఒకటైనంతనే కథ ముగిసినదని పుస్తకము మూసివేయుట మనకు అలవాటు. ఆ పిమ్మట వంట ఎవరు చేసిరి, జీతము ఎవరి చేతిలో ఉన్నది, పుట్టింటికి పోవలెనన్న ఎవరి అనుమతి కావలసివచ్చినది - ఇవి నవల చెప్పదు, మనమును అడుగము. స్త్రీవాద విమర్శకులు అడుగునది ఇదియే. ఆ ప్రశ్నతోనే మూడు తెలుగు జంటలను చూతము.

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960 దశకమున 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చినది, 1976లో చలనచిత్రమైనది. జయంతి మధ్యతరగతి పిల్ల. రాజశేఖరం ఐశ్వర్యవంతుడు, పైగా ఆమెకు జీతమిచ్చు యజమాని. ఇద్దరి నడుమ అలుకలు, అపార్థములు ఎన్ని వచ్చినను ఒక్క సంగతి మారదు: అలిగి కొలువు మానినచో నష్టపోవునది ఆమెయే. ఇది వట్టి కలల నవల యని త్రోసివేయువారు కలరు. మేము వారితో ఏకీభవింపము. ఆనాటి పాఠకురాలు కోరినది కారును, మేడను మాత్రమే కాదు. తన అభిమానమును గుర్తించి, తన మెప్పుకై శ్రమపడు పురుషుని. అట్టి మర్యాద ఇంటిలోనే దొరకినచో నెల నెలా పత్రికలో వెదకనేల? చిక్కెల్ల, ఆ మర్యాద సైతము ధనవంతుని దయగా రావలసివచ్చుటలో ఉన్నది.

దానికి దాదాపు నాలుగు దశాబ్దముల ముందే, 1927లో, చలం గారి 'మైదానం'లో రాజేశ్వరి వకీలు భర్తను విడిచి అమీరుతో వెళ్లిపోయినది. తన కథను తానే చెప్పుకొన్నది. ఆ కాలమున ఇది చిన్న విషయము కాదు. లోకులు ఆమె లేచిపోవుటను గూర్చియే వాదులాడుకొనిరి. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. ఆమె గర్భవతి కాగా, బిడ్డ వలదని అమీరు పట్టుపట్టినాడు. కట్టుబాట్లన్నియు దాటివచ్చిన ఆ బయలులో కూడ ఆమె దేహమును గూర్చిన నిర్ణయము ఆమెకు నిరాటంకముగా దక్కలేదు.

1987లో వెలువడిన ఓల్గా గారి 'స్వేచ్ఛ'లో అంత సాహసము కనబడదు. అరుణ తాను ప్రేమించిన ప్రకాశమునే పెండ్లాడినది. పుట్టింటి ఆంక్షలు తప్పుటకు అదియే త్రోవ యని తలచినది. భర్త యింటను, ఎక్కడికి పోయితివి, ఎందుకు ఆలస్యమైనది అను ప్రశ్నలే ఎదురైనవి. తక్కిన నవలలు ముగియుచోట ఈ నవలకు అసలు కథ మొదలైనది. రాజేశ్వరి ఇల్లు విడిచినపుడు వెంట అమీరు ఉన్నాడు. అరుణ వెడలినపుడు ఆమెకై వేరొక పురుషుడు వీథి చివర వేచియుండలేదు.