మడ అడవిని నరకకుండా కొలవడం

ఒక చెట్టు బరువు కచ్చితంగా తెలియాలంటే ఒకప్పుడు దాన్ని నరికి, ఎండబెట్టి తూచాల్సిందే. కాకినాడ పక్కన, 1978 నుంచి అభయారణ్యంగా కాపాడుకుంటున్న కోరింగ మడ అడవిలో గొడ్డలి ఎత్తడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అలాంటి చోటికి తగిన పరికరం, నేలమీద నిలిపి వాడే లేజర్ స్కానర్. ముక్కాలి స్టాండు మీద తిరుగుతూ సెకనుకు లక్షల సార్లు చుట్టూ కాంతిని విసురుతుంది. ఆ కాంతి కొమ్మను తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కగడుతుంది. పది మీటర్ల దూరంలోని కొమ్మకైతే, సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో 67 భాగాలు చాలు! అలా పోగైన కోట్ల చుక్కలే కంప్యూటర్‌లో చెట్టు ఆకారం కడతాయి. ఆ ఆకారం ఘనపరిమాణాన్ని కలప సాంద్రతతో హెచ్చిస్తే బరువు, దాన్నిబట్టి చెట్టు దాచుకున్న కార్బన్ అంచనాకు వస్తాయి.

మడలో ఈ పని తేలిక కాదు. కాండాలు, బురదలోంచి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. స్కానర్‌ను చాలాచోట్లకు మార్చాలి. స్టాండు దిగబడితే కొలత చెడుతుంది. చాలా స్కానర్లు వాడే పరారుణ కాంతిని నీళ్లు మింగేస్తాయి కనుక పోటు తీసి, పాటు వచ్చాకే పని. ఆ వేళలు అక్కడి చేపల వేటగాళ్లకు బాగా తెలుసు, వాళ్లను వెంట తీసుకెళ్లాలి.

ఇదే స్కానర్ విషయంలో నా ఆశంతా కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం మీద. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోస్తూనే ఉంది. తుఫానుకు ముందూ తర్వాతా అవే గుర్తుల దగ్గర స్కాన్ చేసి పోల్చితే, గట్టు ఎక్కడెంత కరిగిందో సెంటీమీటర్లలో తేలుతుంది. అలలకు అడ్డుగా రాళ్లు ఎక్కడ పోయాలో ఆ లెక్క చూసుకునే నిర్ణయించాలి.