ఓడ మీద సదస్సు, మన మార్చి నెలాఖరు

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



చైనా ఆర్థిక వ్యవస్థ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. అంత పెద్ద దేశాన్ని ఇరవై నిమిషాల్లో చుట్టేయడం నావల్ల కాదు. పైగా పిల్లలు అప్పుడే టిఫిన్ల బల్ల వైపు చూస్తున్నారు. అందుకని ఒక్క సదస్సు గురించే చెబుతాను. ఇది రాసుకుంటుంటే ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కాగితం చూసి, "ఓడ మీద సదస్సేంటమ్మా, విహారయాత్రా?" అంది. దాదాపు అలాంటిదే.

1985 సెప్టెంబరు 2న చైనాలోని చోంగ్‌చింగ్ రేవులో 'బాషాన్' అనే ఓడ ఎక్కారు కొందరు ఆర్థికవేత్తలు. యాంగ్‌ట్సీ నది మీద, త్రీ గోర్జెస్ లోయల గుండా ప్రయాణించి ఊహాన్ చేరారు. మనవాళ్లు పాపికొండల మధ్య లాంచీలో వెళ్తారే, అలాంటి దారి. కొండలు ఇంకా ఎత్తు, నది ఇంకా పెద్దది. అప్పటికి త్రీ గోర్జెస్ ఆనకట్ట లేదు. ఆ దృశ్యం వదిలేసి వాళ్లు లోపల కూర్చుని ద్రవ్యోల్బణం, బ్యాంకు రుణాలు, జీతాల గురించి మాట్లాడుకున్నారు. నేనైతే డెక్ మీదే ఉండిపోయేదాన్ని.

ఎవరెవరు వచ్చారో చూడండి. అమెరికా నుంచి నోబెల్ గ్రహీత జేమ్స్ టోబిన్. హంగరీ నుంచి యానోష్ కోర్నాయ్. పోలండ్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడిన బ్రూస్. బ్రిటన్ ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసిన కెయిర్న్‌క్రాస్. పశ్చిమ జర్మనీ కేంద్రబ్యాంకుకు అధ్యక్షుడిగా చేసి దిగిన ఎమ్మింగర్. చైనా వైపున ఎనభై ఏళ్ల ష్వే ముచియావో దగ్గర్నుంచి అప్పుడప్పుడే చదువు ముగించుకున్న కుర్రవాళ్ల దాకా ఉన్నారు. ఆ కుర్రవాళ్లలో లౌ జివే తర్వాత చైనా ఆర్థికమంత్రి అయ్యారు. గువో షుచింగ్ అక్కడి కన్‌స్ట్రక్షన్ బ్యాంకు ఛైర్మన్‌గా, ఆ తర్వాత బ్యాంకుల నియంత్రణ సంస్థ అధిపతిగా పనిచేశారు.

చైనా ప్రభుత్వ సంస్థలతో కలిసి ఈ సదస్సును జరిపింది ప్రపంచబ్యాంకు. దాని తరఫున నడిపించింది ఎడ్విన్ లిమ్. ఈయనే 1990ల చివర ప్రపంచబ్యాంకు భారత డైరెక్టరుగా ఢిల్లీలో పనిచేశారు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచబ్యాంకు ఇచ్చిన ఎకనామిక్ రీస్ట్రక్చరింగ్ ప్రాజెక్టు రుణం ఆ రోజులదే. ఆ ప్రాజెక్టు గురించి మన ఇళ్లలో ఎన్ని వాదనలు జరిగాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

సరే, ఇంతమంది ఓడ ఎందుకు ఎక్కాల్సి వచ్చింది? ఇక్కడే బ్యాంకువాళ్లమైన మనం చెవులు నిక్కబొడుచుకోవాలి. ఎందుకంటే అసలు తంటా మొదలైంది బ్యాంకుల్లోనే.

1979 దాకా చైనాలో బ్యాంకు అంటే ఇంచుమించు ఒక్కటే, పీపుల్స్ బ్యాంక్ ఆఫ్ చైనా. నోట్లు అచ్చేసేది అదే, డిపాజిట్లు తీసుకునేది అదే, అప్పులిచ్చేదీ అదే. మన రిజర్వు బ్యాంకూ, మన బ్యాంకూ ఒకే కౌంటర్‌లో కూర్చున్నాయనుకోండి. తర్వాత ఒక్కో పనీ విడదీస్తూ వచ్చారు. 1984 జనవరిలో ఇండస్ట్రియల్ అండ్ కమర్షియల్ బ్యాంకును వేరుచేసి, పీపుల్స్ బ్యాంకును పూర్తిగా కేంద్రబ్యాంకుగా మార్చారు. బాగుంది. కానీ అదే ఏడాది చివర్లో ఒక కబురు బ్యాంకులకు చేరింది: 1985లో ఏ బ్యాంకు ఎంత అప్పు ఇవ్వవచ్చన్నది, 1984లో అది ఇచ్చిన అప్పును బట్టి నిర్ణయిస్తారని.

మా సహోద్యోగులు నవ్వుతున్నారు. మిగతా కథ వాళ్లకు అర్థమైపోయింది. పిల్లల కోసం చెబుతాను. ఈ ఏడాది ఎక్కువ ఇస్తేనే వచ్చే ఏడాది ఎక్కువ ఇచ్చే వీలుంటుందంటే, డిసెంబరులో ఏం జరుగుతుంది? బ్యాంకులు అప్పులు పంచాయి, పోటీపడి పంచాయి. కంపెనీలు ఆ డబ్బుతో కొత్త పనులు మొదలుపెట్టాయి, బోనస్‌లు ఇచ్చాయి. ఆ ఒక్క ఏడాదిలో చైనాలో జనం చేతుల్లో తిరిగే నోట్ల మొత్తం దాదాపు 50 శాతం పెరిగింది. నిన్న వంద ఉన్నచోట ఇవాళ నూటయాభై. అంగట్లో సరుకు మాత్రం అంత పెరగలేదు. ధరలు ఎక్కడం మొదలుపెట్టాయి. 'అభివృద్ధి జరిగేటప్పుడు ధరలు కొంచెం పెరిగితే నష్టమేమిటి' అని కొందరు, 'ఇది ప్రమాదం' అని కొందరు. ఈ వాదన తేల్చుకోవడానికే ఓడ.

టోబిన్ చైనా నిపుణుడు కాదు. ఇచ్చిన అంకెలు చూశారు, నాడి పట్టుకున్న డాక్టరులా మందు చెప్పారు. ప్రభుత్వ ఖర్చు బిగించండి, బ్యాంకు రుణం బిగించండి, జీతాల పెంపు బిగించండి అన్నారు. ఎమ్మింగర్, కెయిర్న్‌క్రాస్ కూడా ఇంచుమించు అదే మాట అన్నారు. వేర్వేరు బళ్లలో చదువుకున్న పెద్దలు ఒకే మాట మీద నిలబడటం చైనా వాళ్లను కదిలించింది.

అయితే నన్ను పట్టుకున్నది కోర్నాయ్ మాట. ఆయన సోషలిస్టు హంగరీ నుంచి వచ్చినవారు కనుక, ఇలాంటి జబ్బు సొంత ఇంట్లోనే చూశారు. ప్రభుత్వ కర్మాగారానికి నష్టం వస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. సబ్సిడీ వస్తుంది, పన్ను మాఫీ అవుతుంది, లేదా బ్యాంకు ఇంకో అప్పు ఇస్తుంది. ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదు అన్నట్టు. దీన్ని ఆయన మెతక బడ్జెట్ అన్నారు. ఖర్చుకు ఒక గీత ఉంటుంది, కానీ అది రబ్బరు గీత. అలాంటి చోట మేనేజరుకు పెట్టుబడి మీద తీరని ఆకలి ఉంటుంది, ఎందుకంటే తప్పు చేసినా మునిగిపోడు. పైనుంచి వచ్చే హుకుములు రద్దు చేసినా, అతని ఒక కన్ను కొనేవాడి మీద ఉంటే రెండో కన్ను పై ఆఫీసు మీదే ఉంటుంది.

మెతక బడ్జెట్ అంటే ఏమిటో మన ఇళ్లలో విడిగా చెప్పక్కర్లేదు. ప్రతి కుటుంబంలో ఒక చిన్న తమ్ముడు ఉంటాడు, ప్రతిసారీ చివరి వ్యాపారం అంటాడు, ప్రతిసారీ పెద్దక్కే తీరుస్తుంది. (మా వారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి అక్కడితో ఆపేస్తాను.)

కోర్నాయ్ రాసిన 'కొరత' పుస్తకం మరుసటి ఏడాది చైనా భాషలో వచ్చి లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. ఆర్థికశాస్త్ర గ్రంథానికి ఆ గిరాకీ చూస్తే ముచ్చటేస్తుంది.

మరి సలహా విన్నారా? కొన్నాళ్లు బిగించారు, మళ్లీ వదిలారు. 1988 ఆగస్టులో ధరల మీద నియంత్రణ ఎత్తేస్తారన్న వార్త రాగానే జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. డిపాజిట్లు తీసేసి కంటికి కనబడ్డ సరుకల్లా కొన్నారు. ఆ ఏడాది ధరలు 18 శాతానికి పైగా పెరిగాయి. సెప్టెంబరులో, మూడేళ్లు, అంతకుమించిన డిపాజిట్లకు ధరల పెరుగుదలను బట్టి అదనంగా చెల్లిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు తెలుసు, ఆ బారులు ఎలా ఉండి ఉంటాయో. ఇక మొండి బకాయిలు పేరుకుని పేరుకుని, 1999లో దాదాపు 1.4 లక్షల కోట్ల యువాన్ల చెడ్డ అప్పులను నాలుగు పెద్ద బ్యాంకుల నుంచి తీసి ప్రత్యేక సంస్థలకు బదిలీ చేశారు.

మనం నవ్వడానికేం లేదు. ఓడ కదిలిన ఆ 1985లోనే మన పార్లమెంటు ఖాయిలా పరిశ్రమల చట్టం చేసింది. ఖాయిలా పడ్డ కంపెనీ ఆ చట్టం నీడలోకి వెళితే అప్పులవాళ్లు ఏళ్లకేళ్లు గుమ్మంలో నిలబడాల్సిందే. 2016లో దివాలా స్మృతి వచ్చేదాకా అదే వరస. 2017 అక్టోబరులో ప్రభుత్వరంగ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల రూపాయల మూలధనం సమకూరుస్తామని కేంద్రం ప్రకటించినప్పుడు మనమందరం ఊపిరి పీల్చుకున్నాం. అంటే అక్కడ చిన్న తమ్ముళ్లం మనమే.

ఇప్పుడు నా సంగతి. పన్నెండేళ్ల కిందట నేనొక పత్తి ప్రాంతంలో బ్రాంచి మేనేజరుగా ఉన్నాను. మార్చి 28. అడ్వాన్సుల టార్గెట్‌కు ఇంకా కొంత తక్కువ. మా దగ్గర ఒక చిన్న జిన్నింగ్ మిల్లు ఖాతా ఉండేది. పాత ఖాతా, ఏనాడూ మాట పడని మనిషి. ఆయన అప్పు అడగలేదు. ఫోన్ చేసింది నేను. "మీ లిమిట్ పెంచుతాం, కాగితాలు పట్టుకుని రండి" అన్నాను. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఆడిట్‌లో ఒక్క మాటా రాలేదు. టార్గెట్ అందింది. ఆ సాయంత్రం బ్రాంచిలో మిఠాయి పంచాం.

అవసరం లేని డబ్బు ఊరికే ఉండదు కదా. ఆయన ఇంకో యంత్రం కొన్నారు. తర్వాతి సీజన్‌లో పత్తి ధర పడిపోయింది. వడ్డీ ఆగింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? వడ్డీకి సరిపడేట్టు లిమిట్ మళ్లీ పెంచమని సిఫార్సు రాశాను. రీజినల్ ఆఫీసు ఒప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది, ఆ రాత్రి ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆయన ఇంటి పక్క స్థలం, కొత్త యంత్రం రెండూ అమ్మి కట్టారు.

అది మంచిదేనా? ఇప్పటికీ నాకు తెలియదు. మిల్లు బతికింది, స్థలం పోయింది. ఆ స్థలం కూతురి పెళ్లికని ఉంచుకున్నదట. కోర్నాయ్ చెప్పిన గట్టి బడ్జెట్ కాగితం మీద సరళరేఖలా ఉంటుంది. 1990ల చివర చైనా తన కర్మాగారాల పట్ల గట్టిగా మారినప్పుడు కొద్ది ఏళ్లలో రెండు కోట్ల మందికి పైగా కార్మికులు పని పోగొట్టుకున్నారు. మెతకదనం చేసిన తప్పుకు గట్టిదనం వచ్చినప్పుడు బిల్లు కట్టేది ఎప్పుడూ ఫోన్ చేసినవాళ్లు కాదు. ఆ మార్చిలో నా జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు.

ఇన్‌సర్వీస్ కోర్సులో ఒక అధ్యాపకుడు ఈ ఓడ కథ అయిదు నిమిషాల్లో చెప్పి వదిలేశారు. 1984 డిసెంబరు అనగానే నాకు ఆ మార్చి 28 గుర్తొచ్చింది. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను.

కిందటి మాఘమాసంలో ఒక పెళ్లిలో ఆ మిల్లు యజమాని కనిపించారు. తప్పుకుపోదామనుకున్నాను, ఆయనే వచ్చారు. "మేడమ్, ఇంకా బ్యాంకులోనేనా?" అన్నారు. అవునన్నాను. "మా అబ్బాయి మిల్లు చూసుకుంటున్నాడు. లిమిట్ పెంచుతామని మొన్న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చిందట, వద్దన్నాడు" అన్నారు. తర్వాత పప్పులో ఉప్పు తగ్గిందన్నారు. నిజమే, తగ్గింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పిల్లలు నా కన్నా ముందే లేచేట్టున్నారు. సెలవు.