కచటతపలు వేళ్లకెక్కిన వేళ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతి అయ్యాక మాలో కొందరం కొండగట్టు నుంచి జగిత్యాల బస్సెక్కి టైపు నేర్చుకున్నాం. నేను ఇంగ్లిషు లోయర్ పాసయ్యాను. ఇంజనీరుగా ముప్పై ఏళ్లు ఆ వేళ్లతోనే నెట్టుకొచ్చాను. తెలుగు రాయాల్సి వస్తే మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాణ్ని.

రెండేళ్ల కింద అమ్మ చెప్పే ముచ్చట్లు రాసిపెడదామని కూర్చున్నాను. అమ్మకు ఎనభై దాటాయి. "మీ నాయిన జాతర నుంచి అచ్చిండు" అన్నది. నేను కొట్టిన దానికి తెర మీద ఇంకేవో మాటలు వచ్చాయి. సరైనది వెతుక్కుంటూ నేను తల దించేసరికి, "నీ పని చూస్కో బిడ్డా" అని అమ్మ ఆగిపోయింది. ఆ ముచ్చట మళ్లీ చెప్పలేదు.

అప్పుడు ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్నాను. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో తెచ్చిన కీబోర్డు పద్ధతి ఇది. విండోస్‌లోనే ఉంటుంది, కొనే పని లేదు. హిందీకీ కన్నడకీ కూడా క అదే మీట మీద ఉంటుంది.

మధ్య వరుసలో ఎడమ చేతి కింద ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము ఉంటాయి. కుడి చేతి వైపు ప, ర, క, త, చ, ట. క మీది మీట గ. చ మీద జ, ట మీద డ, త మీద ద, ప మీద బ. గుర్తొచ్చిందా? పరుషాలు కింద, సరళాలు పైన! సంధుల పాఠంలో మనం వల్లెవేసిన కచటతప, గజడదబలే. షిఫ్టు నొక్కితే క ఖ అవుతుంది, గుడి ఇ అవుతుంది. వత్తు కావాలంటే నడుమ పొల్లు కొట్టాలి. మొదటి వారం పొల్లు మరిచి 'అమ్మ'ను 'అమమ' అని రాశాను. రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు అమ్మ ముఖం చూస్తూనే రాస్తాను. 'అచ్చిండు' అంటే అచ్చిండు అనే పడుతుంది. దిద్దేవాళ్లు లేరు.

గురువులకు ఒక్క మనవి. బడి కంప్యూటర్ల మీద పిల్లలకు ఇది నేర్పిద్దాం. వేసవిలో పది రోజులు నేనొస్తాను. వర్ణమాల మీరు ముందే నేర్పారు కాబట్టి, సగం పని అయిపోయినట్టే.

సెలవు.