సిరిగల చిన్న పట్టణము: సుఖములు, చిక్కులు



పల్లెలోని ప్రశాంతతయు, నగరములోని సౌకర్యములును ఒక్కచోటనే లభించిన నెంత బాగుండునని పలువురు తలంతురు. అట్టి ఊరొకటి అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, రాకీ పర్వతముల నడుమ కలదు. దాని పేరు ఆస్పెన్. 2020వ సంవత్సరపు లెక్కల ప్రకారము జనసంఖ్య సుమారు 7,000 మాత్రమే. ఆంధ్రదేశమందలి పెద్ద గ్రామములలో అంతకంటె ఎక్కువ మంది యుందురు.

ఆ ఊరు వెండి గనులవలన పుట్టినది. 1889లోనే అచట గొప్ప నాటకశాల వెలసినది. కాని 1893లో ప్రభుత్వము వెండి కొనుగోలు శాసనమును రద్దుచేయగా వెల పడిపోయి, గనులు మూతపడినవి. 1930 నాటికి దాదాపు 700 మందియే మిగిలిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము వాల్టర్ పెప్కీ యను చికాగో పారిశ్రామికుడు ఆ ఊరికి మరల ప్రాణము పోసెను. మంచుపై జారు క్రీడకు కొండయెక్కించు యంత్రములు నెలకొనినవి. 1949లో జర్మన్ మహాకవి గేటే ద్విశతజయంతి జరుగగా ఆల్బర్ట్ ష్వైట్జర్ స్వయముగా విచ్చేసెను. నాటినుండి సంగీతోత్సవములును, విద్వద్గోష్ఠులును జరుగుచున్నవి.

ఇట్టిచోట నివసించుట భాగ్యమే. గాలి నిర్మలము, ఊరంతయు కాలినడకను తిరుగవచ్చును, ఊరిలోని బస్సులకు రుసుము లేదు, గొప్ప విద్వాంసుల గానము ఇంటిముంగిట వినవచ్చును.

అయితే ఆ సుఖమే చిక్కు తెచ్చినది. ఏటికి కొలది వారములు గడపుటకై కోటీశ్వరులు ఇండ్లు కొనగా, వెలలు సామాన్యుల కందకుండ పోయినవి. పెక్కు ఇండ్లలో సంవత్సరములో అధికభాగము దీపము వెలుగదు. ఆ ఊరి బిడ్డలకు చదువు చెప్పువారు, రోగులకు పరిచర్య చేయువారు, వంటవారు, బస్సు నడుపువారు అనేకులు నలువది మైళ్ళ దిగువనున్న గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌నుండియు, అంతకంటె దూరమునుండియు మంచుదారిలో వచ్చిపోవలసియున్నది.

పట్టణమువారు దీనిని గుర్తింపకపోలేదు. ఇండ్ల క్రయవిక్రయములపై పన్ను విధించి, అచట పనిచేయువారికొరకు సుమారు 3,000 గృహములను ప్రత్యేకించిరి. వానిని తిరిగి అమ్మునపుడు వెలకు హద్దు కలదు. అయినను కొరత తీరలేదు.

ఆ ఊర నొక ప్రజా గ్రంథాలయము కూడ కలదు. అందు కోటీశ్వరుడును, వంటవాడును ఒకే బల్లయొద్ద కూర్చుండి చదువుకొనవచ్చును. కాని సాయంకాలము తలుపు మూసిన పిమ్మట ఒకడు వీధి దాటి ఇల్లు చేరును. రెండవవాడు బస్సుకై పరుగెత్తును. ఊరికి సంపద రావలసినదే. ఆ ఊరికి సేవచేయువాడు ఆ ఊరనే నిదురింపగలిగిననాడు మాత్రమే ఆ సంపద ఊరందరిదగును.