చూచి నేర్చిన చదువు



కళాశాలలో విద్యార్థులచే చేయించు చిన్న పరిశీలన యొకటి దేశపు శాసనములకు దారితీయగలదనుటకు ఫ్రాన్సెస్ పెర్కిన్స్ జీవితమే నిదర్శనము.

అమెరికాలోని మౌంట్ హోల్యోక్ కళాశాలలో ఆమె భౌతిక, రసాయన శాస్త్రములు చదివెను. చరిత్ర బోధించు అనా మే సోల్ అను ఉపాధ్యాయిని విద్యార్థినులను సమీపమందలి మిల్లులకు పంపి, అచ్చటి స్థితిగతులను స్వయముగ చూచి రమ్మనెను. సోమరితనము, త్రాగుడు మాత్రమే దారిద్ర్యమునకు మూలములని ఇంట వినిన ఆ బాలిక, పనిగంటలకు మితిలేని స్త్రీలను, పసివారిని కాంచెను. గాయపడిన వానికి తగు పరిహారమును లేదు. విన్నమాట వీగిపోయెను.

1902లో పట్టభద్రురాలైన పిమ్మట, న్యూయార్కులో సాంఘికసేవా విద్య నభ్యసించుచు, ఒక పాఠశాలలోని 107 మంది పిల్లల పోషకాహార లోపమును పరిశీలించి, 1910లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమందెను. మరుసటి యేట మార్చి 25న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారము దగ్ధమై 146 మంది మరణించిరి. ఆ ఘోరమును ఆమె వీధిలో నిలిచి చూచెను.

1933లో కార్మికశాఖను చేపట్టి అమెరికా మంత్రివర్గమున తొలి మహిళయయ్యెను. 1935 నాటి సాంఘిక భద్రతా శాసనమునకు, పనిగంటలను, బాలకార్మికత్వమును కట్టడిచేసిన 1938 నాటి శాసనమునకు ఆమె కృషి ముఖ్యము.

గ్రంథము ప్రశ్న నేర్పును. దాని సమాధానము పొరుగువాని గడపలో నుండును. గ్రంథాలయమున చదివిన యువకులు ఆ గడపదాక నడచినపుడే చదువు సార్థకమగును.